పిల్లాడికి టైప్ 1 షుగర్: కణ మార్పిడి చేయించాలా, ఆగాలా?

ఖమ్మం నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది: "మా బాబుకు తొమ్మిదేళ్లు. ఏడాదిన్నర క్రితం టైప్ 1 డయాబెటిస్ అని తేలింది. రోజుకు నాలుగు ఇంజెక్షన్లు వేస్తున్నాం. అమెరికాలో కణాలు ఎక్కించి ఇన్సులిన్ మాన్పించారని వార్తల్లో చూశాం. మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, బాబును అక్కడికి తీసుకురమ్మంటున్నాడు. ఇక్కడ ఒక క్లినిక్ వాళ్లేమో స్టెమ్ సెల్స్‌తో తగ్గిస్తామని లక్షల్లో అడుగుతున్నారు. నా క్లోమంలో కొంత భాగం బాబుకు ఇవ్వొచ్చా? నాకిప్పుడు ఏడో నెల. పుట్టబోయే బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచితే పెద్దవాడికి పనికొస్తుందా?"

అమ్మా, ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆ క్లినిక్‌కు ఒక్క రూపాయి కూడా కట్టకండి. మీ క్లోమం (పాంక్రియాస్) ఇవ్వొద్దు. పెద్దవాడి షుగర్ కోసమైతే బొడ్డుతాడు రక్తం దాచాల్సిన పనిలేదు. డల్లాస్ తీసుకెళ్లినా ఇప్పుడు ఈ చికిత్స బాబుకు దొరకదు. అన్నీ కాదనే జవాబులే అయ్యాయని దిగులుపడకండి. మీరు చూసిన వార్త నిజమే. టైప్ 1 విషయంలో నేను ఇంత ఆశగా ఉన్న కాలం ఇంతకుముందు లేదు.

నేను కొన్నేళ్లు ఐలెట్ ల్యాబ్‌లో పనిచేశాను. చనిపోయిన దాతల క్లోమం నుంచి ఇన్సులిన్ తయారుచేసే కణాలను వేరుచేయడం మా పని. ఆ కణాలు ఎంత సున్నితమైనవో, ఎంత తేలిగ్గా చచ్చిపోతాయో చేతులతో చూసినదాన్ని కాబట్టి ఎవరైనా "సెలైన్‌లో కలిపి ఎక్కిస్తాం, మూడు నెలల్లో ఇన్సులిన్ మానేయొచ్చు" అంటే నాకు భయమేస్తుంది. ఆ భయం ఎందుకో మీకూ అర్థం కావాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

క్లోమంలో ఎక్కువ భాగం అరుగుదలకు కావలసిన రసాలు తయారుచేస్తుంది. దాని మధ్యలో అక్కడక్కడా చిన్న చిన్న కణాల గుంపులు ఉంటాయి. 1869లో జర్మనీలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వాటిని మొదట గుర్తించాడు. వాటినే ఐలెట్లు అంటారు. పెద్దవాళ్ల క్లోమంలో సుమారు పది లక్షల ఐలెట్లు ఉన్నా, అన్నీ కలిపి క్లోమం బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. వాటిలోని బీటా కణాలే రక్తంలో చక్కెర ఎంతుందో చూసుకుంటూ క్షణక్షణం ఇన్సులిన్ వదులుతాయి. టైప్ 1లో శరీరం తన రక్షణ కోసం పెట్టుకున్న తెల్లకణాలే ఈ బీటా కణాలను శత్రువుగా భావించి చంపేస్తాయి. బాబు తిన్న స్వీట్ల వల్ల కానీ, మీరు చేసిన ఏ పని వల్ల కానీ ఇది రాలేదు. చుట్టాలు ఎవరైనా అలా అంటే పట్టించుకోకండి.

కాబట్టి నయం చేయాలంటే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. కొత్త బీటా కణాలు ఎక్కడి నుంచి తేవాలి? తెచ్చినవాటిని మళ్లీ చంపేయకుండా ఎలా కాపాడాలి? రెండోదే కష్టమైనది, ఎందుకంటే అక్కడ దాడి రెండు వైపుల నుంచి వస్తుంది. పరాయి మనిషి కణం కాబట్టి శరీరం తిరస్కరిస్తుంది, అది అన్ని అవయవ మార్పిడుల్లోనూ ఉన్నదే. దానికి తోడు బీటా కణాల మీద పాత పగ ఒకటి అలాగే ఉంది. ఇక మీదట ఏ వార్త చదివినా, ఎవరు ఏ చికిత్స గురించి చెప్పినా ఈ రెండు ప్రశ్నలూ వేయండి. రెంటికీ జవాబు లేకపోతే అది చికిత్స కాదు.

మీ క్లోమం ఇవ్వొద్దని ఎందుకన్నానో ఇక్కడే చెబుతాను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ సదర్లాండ్ బృందం కొందరు అచ్చు ఒకేలా ఉండే కవలల మధ్య క్లోమం మార్పిడి చేసింది. ఆరోగ్యంగా ఉన్నవారి క్లోమంలో కొంత భాగం తీసి, టైప్ 1 ఉన్న కవలకు పెట్టారు. జన్యువులు ఒకటే కాబట్టి తిరస్కరణ ఉండదనుకుని ఇమ్యూనిటీని అణిచే మందులు మొదట్లో ఇవ్వలేదు. పెట్టిన క్లోమంలో మిగతా భాగమంతా బాగానే ఉంది, బీటా కణాలు మాత్రం మళ్లీ చచ్చిపోయాయి. పాత పగ అంటే అదీ. కవల ఇచ్చినదే నిలవనప్పుడు తల్లి ఇచ్చినది మందులు లేకుండా నిలవదు. 2005లో జపాన్‌లోని క్యోటోలో ఒక తల్లి తన క్లోమంలో సగం ఇస్తే, అందులోని ఐలెట్లను 27 ఏళ్ల కూతురికి ఎక్కించిన మాట నిజమే. కానీ ఆ అమ్మాయికి షుగర్ వచ్చింది క్లోమం వాపు వల్ల, టైప్ 1 వల్ల కాదు. పైగా సగం క్లోమం ఇచ్చేసిన మనిషికి రేపు షుగర్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో ఇద్దరికి ఇన్సులిన్ అవసరమైతే వాడిని చూసుకునేదెవరు?

ఇప్పుడు అసలు కథ. ఈ ఆలోచన ఇన్సులిన్ కంటే పాతది. 1893లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో షుగర్‌తో చావుబతుకుల్లో ఉన్న 15 ఏళ్ల కుర్రాడి చర్మం కింద గొర్రె క్లోమం ముక్కలు పెట్టి చూశారు. మూడు రోజులకు ఆ పిల్లవాడు చనిపోయాడు. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కున్నాక, 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయికి మొదట ఇచ్చారు. అప్పటి నుంచి పిల్లలు బతికి బట్టకట్టారు కాబట్టి కణాల ఆలోచన కొన్నాళ్లు వెనక్కి వెళ్లింది. 1972లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పాల్ లేసీ, బాలింజర్ కలిసి ఎలుకలకు ఐలెట్లు ఎక్కించి షుగర్‌ను అదుపులోకి తెచ్చారు. మరుసటి ఏడాదే కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తే ఐలెట్లు ఇంకా బాగా పనిచేస్తాయని తేలింది. ఇవాళ్టికీ ఎక్కువగా ఎక్కించేది అక్కడే. కడుపు మీద చిన్న రంధ్రం గుండా సన్నని గొట్టం పంపి, రక్తం ఎక్కించినట్టు ఒక సంచిలోంచి ఐలెట్లు వదులుతారు. కాలేయంలో చేరి అక్కడే కాపురం పెట్టి అవి ఇన్సులిన్ తయారుచేయాలి.

ఎలుకల్లో సులువైన పని మనుషుల్లో పదిహేనేళ్లకు పైగా పట్టింది. మనిషి క్లోమం గట్టిగా, పీచుగా ఉంటుంది. లేసీ దగ్గర పనిచేసిన కమీలో రికార్డీ 1988లో ఒక గది లాంటి ఉక్కు పాత్ర తయారుచేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే వాడుతుంది, మేమూ వాడాం. క్లోమం నాళంలోకి కొలాజినేజ్ అనే ఎంజైమ్ ఎక్కించి, ముక్కలు చేసి ఆ పాత్రలో వేసి, వెచ్చని ద్రవం తిప్పుతూ మెల్లగా ఊపుతారు. కణజాలం కరుగుతూ ఐలెట్లు విడివడతాయి. మధ్యమధ్యలో చుక్క తీసి డిథిజోన్ అనే రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూడాలి. బీటా కణాల్లో జింక్ ఉంటుంది కాబట్టి ఐలెట్లు ఎర్రగా కనిపిస్తాయి, మిగతాదంతా పాలిపోయినట్టు ఉంటుంది. ఎర్ర గుంపులు చుట్టూ ఏమీ అంటుకోకుండా తేలుతుంటే అప్పుడు ఎంజైమ్ ఆపాలి. ముందే ఆపితే ఐలెట్లు కణజాలంలో ఇరుక్కుపోతాయి, ఆలస్యమైతే ఐలెట్లే కరిగిపోతాయి. ఆ నిర్ణయం మనిషి కన్ను మీద ఆధారపడినది. దాత క్లోమం ఏ అర్ధరాత్రో వస్తుంది, పని ముగిసేసరికి తెల్లారుతుంది. చివర్లో లెక్కపెడితే సరిపడా రాకపోతే, ఆ రాత్రి శ్రమా, ఆ కుటుంబం ఇచ్చిన దానమూ ఎవరికీ ఎక్కించకుండానే పోతుంది. అలాంటి తెల్లవారుజాములు నాకు చాలా బాధ కలిగించేవి.

లెక్క ఎంత కావాలంటే, ఒక్కో కిలో బరువుకు సుమారు పది వేల ఐలెట్లు. అరవై కిలోల మనిషికి ఆరు లక్షలు. ఒక క్లోమం నుంచి మంచి రోజున మూడు నుంచి ఐదు లక్షలు వస్తాయి. అంటే ఒక్క మనిషికి ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు దాతలు కావాలి. ఎక్కించిన వాటిలో చాలా వాటిని రక్తం తాకిన మొదటి గంటల్లోనే వాపు, గడ్డకట్టడం కలిసి చంపేస్తాయి. జీవన్‌దాన్ ద్వారా మన దగ్గర కిడ్నీ కోసమే ఎంతమంది ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారో మీకు తెలిసే ఉంటుంది. దాతల క్లోమం మీద ఆధారపడి దేశంలోని టైప్ 1 పిల్లలందరికీ ఐలెట్లు ఇవ్వడం ఏ లెక్కలోనూ కుదరదు.

2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో బృందం ఈ చికిత్సను మలుపు తిప్పింది. అంతకుముందు పదేళ్లలో జరిగిన 267 ఐలెట్ మార్పిడుల్లో ఏడాదికి మించి ఇన్సులిన్ లేకుండా ఉన్నవి నూటికి 8 మాత్రమే. అప్పట్లో తిరస్కరణ ఆపడానికి స్టెరాయిడ్లు ఇచ్చేవారు, స్టెరాయిడ్లేమో షుగర్ పెంచి ఆ కొత్త కణాలనే అలసిపోయేలా చేసేవి. షాపిరో వాటిని పూర్తిగా మానేసి ఇమ్యూనిటీని అణిచే వేరే మందులు సిరోలిమస్, తక్కువ మోతాదులో టాక్రోలిమస్, డాక్లిజుమాబ్ వాడి, ఒక్కొక్కరికి రెండు మూడు క్లోమాల ఐలెట్లు ఎక్కించాడు. ఏడుగురికి చేస్తే ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. అప్పుడు పత్రికల్లో ఇప్పటిలాగే పెద్ద పెద్ద శీర్షికలు వచ్చాయి.

తర్వాత ఏమైందో కూడా తెలుసుకోవాలి. అదే పద్ధతిని తొమ్మిది కేంద్రాల్లో 36 మందికి చేసి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నవాళ్లు 16 మంది. రెండేళ్లకు ఆ 16 మందిలో ఐదుగురే మిగిలారు. అయితే ఇన్సులిన్ మళ్లీ మొదలుపెట్టిన చాలామందిలో కొన్ని ఐలెట్లు ఇంకా బతికే ఉన్నాయి. అదెలా తెలుస్తుందంటే, శరీరం సొంతంగా ఇన్సులిన్ తయారుచేసినప్పుడే సీ-పెప్టైడ్ అనే ముక్క రక్తంలో కనిపిస్తుంది, ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు. ఆ కొద్దిపాటి సొంత ఇన్సులిన్ ఉన్నా స్పృహ తప్పేంత లో షుగర్ రావడం చాలావరకు ఆగిపోయింది. అందుకే తర్వాతి పరిశోధనల్లో గెలుపును ఇన్సులిన్ మానడంతో కాకుండా దీనితో కొలిచారు. 2016లో వచ్చిన అమెరికా పరిశోధనలో 48 మందిలో 42 మందికి ఏడాది తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 7 లోపు ఉంది, ప్రమాదకరమైన హైపోలు, అంటే షుగర్ బాగా పడిపోవడాలు, లేవు. నిద్రలో లో షుగర్ వచ్చి లేవలేక భయపడే మనిషికి, పక్కన నిద్రపోకుండా కూర్చునే ఇంట్లోవాళ్లకు అది ఎంత పెద్ద మార్పో చెప్పలేను.

ఇలా దాతల నుంచి తీసిన ఐలెట్లకే లాంటిడ్రా అనే పేరుతో 2023 జూన్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాని పరిశోధనలో 30 మందికి ఇస్తే 21 మంది ఏడాది లేదా అంతకన్నా ఎక్కువకాలం ఇన్సులిన్ లేకుండా ఉన్నారు, వారిలో 10 మంది ఐదేళ్లు దాటారు. ఐదుగురు ఒక్కరోజు కూడా మానలేకపోయారు. మీ తమ్ముడికి చెప్పాల్సిన సంగతి ఇదీ: ఆ అనుమతి పెద్దవాళ్లకే. ఎంత జాగ్రత్తగా ఉన్నా మళ్లీ మళ్లీ తీవ్రమైన హైపోలు వస్తూ షుగర్ అదుపు చేసుకోలేని పెద్దవాళ్లకు మాత్రమే. ఇంగ్లండ్‌లో 2008 నుంచి ప్రభుత్వ వైద్యసేవే దీన్ని ఇస్తోంది, అక్కడా దాదాపు ఇలాంటి షరతులే.

పిల్లలకు ఎందుకివ్వరు? ఎక్కించిన కణాలు బతికినంతకాలం ఇమ్యూనిటీని అణిచే మందులు వేసుకోవాలి. ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి, కొన్ని రకాల క్యాన్సర్ల ప్రమాదం పెరుగుతుంది. టాక్రోలిమస్ కిడ్నీలను దెబ్బతీస్తుంది, బీటా కణాలకు కూడా మంచిది కాదు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఇంకా అరవై డెబ్బై ఏళ్ల జీవితం ఉంది. ఇంజెక్షన్లు కష్టమే, కాదనను. కానీ సూది పోయి దాని స్థానంలో జీవితాంతం ఆ మందులు రావడం మీ బాబు వయసులో మంచి బేరం కాదు. ఇప్పటికే కిడ్నీ మార్పిడి జరిగి ఎలాగూ ఆ మందులు వాడుతున్నవాళ్లకైతే లెక్క వేరు.

మన హైదరాబాద్‌కు సంబంధించిన ఒక విషయం ఇక్కడ చెప్పాలి. ఏఐజీ ఆసుపత్రి బృందం దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్‌తో (క్లోమం వాపు) భరించలేని నొప్పి ఉన్నవాళ్లకు క్లోమం తీసేసి, అందులోంచి వాళ్ల ఐలెట్లనే వేరుచేసి తిరిగి వాళ్ల కాలేయంలోకి ఎక్కించే చికిత్స చేసింది. "హైదరాబాద్‌లోనే చేస్తున్నారట" అని మీకు ఎవరైనా చెబితే అది బహుశా దీని గురించే. అక్కడ కణాలు సొంతవి, బీటా కణాల మీద దాడీ లేదు, కాబట్టి ఆ మందుల అవసరం లేదు. మీ బాబు జబ్బు వేరు, వాడికి తిరిగి ఎక్కించడానికి ఐలెట్లు మిగలవు. కానీ ఈ చికిత్స నాకు ఒక సంగతి రుజువు చేస్తుంది: దాడి లేకపోతే కాలేయంలో ఐలెట్లు ఏళ్ల తరబడి బతకగలవు.

మొదటి ప్రశ్న, కణాలు ఎక్కడివి అన్నది, ఇప్పుడు చాలావరకు తీరింది. హార్వర్డ్ శాస్త్రవేత్త డగ్లస్ మెల్టన్ కొడుక్కి 1991లో, ఆరు నెలల వయసులో టైప్ 1 వచ్చింది. తర్వాత కూతురికీ వచ్చింది. ఆయన అప్పటిదాకా కప్పల పిండాల మీద చేస్తున్న పని వదిలి దీనిలోకి వచ్చాడు. మూలకణం (స్టెమ్ సెల్) బీటా కణంగా మారాలంటే గర్భంలో క్లోమం తయారయ్యేటప్పుడు అందే సంకేతాలన్నీ అదే వరసలో, అదే మోతాదులో అందించాలి. ఒక్క దశ తప్పితే పేగు కణమో కాలేయ కణమో అవుతుంది. ఆ వరస పట్టుకోవడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 2014లో ఆయన బృందం మూలకణాల నుంచి కోట్ల సంఖ్యలో బీటా కణాలు తయారుచేసే పద్ధతి ప్రచురించింది. ఆయన పెట్టిన సెమ్మా అనే కంపెనీని 2019లో వెర్టెక్స్ కొనుక్కుంది.

మీరు చూసిన వార్త ఆ వెర్టెక్స్ చికిత్సదే, దాని పేరు జిమిస్లెసెల్. 2025 జూన్‌లో ఫలితాలు వచ్చాయి. పూర్తి మోతాదు, అంటే ఒక్కసారికి 80 కోట్ల కణాలు, తీసుకున్న 12 మందిలో 10 మంది ఏడాది పూర్తయ్యేసరికి ఇన్సులిన్ లేకుండా ఉన్నారు. పన్నెండు మందికీ హెచ్‌బీఏ1సీ 7 లోపుకు వచ్చింది, తీవ్రమైన హైపోలు ఆగాయి. దాత కోసం ఎదురుచూడక్కర్లేదు, ఏ బ్యాచ్ అయినా ఒకే నాణ్యత. మా ల్యాబ్‌లో అర్ధరాత్రి లెక్క తక్కువొచ్చి కూర్చున్న రోజులు గుర్తొచ్చి ఆ పరిశోధన పత్రం చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి.

వార్తల్లో తక్కువగా వచ్చిన సంగతి కూడా చెప్పాలి. ఈ పరిశోధనలో మొత్తం 14 మంది ఉన్నారు, ఇద్దరు చనిపోయారు. ఒకరు మెదడు పొరలకు ఫంగస్ ఇన్ఫెక్షన్ సోకి. ఇమ్యూనిటీ అణిగి ఉన్నవాళ్లకు వచ్చే జబ్బు అది. రెండోవారికి ముందు నుంచీ ఉన్న మతిమరుపు జబ్బు ముదిరింది. కణాలు కాలేయంలోకి ఎక్కించాక ఆ మందులు ఇందులోనూ తప్పవు. పరిశోధనలో చేర్చుకున్నది కూడా తీవ్రమైన హైపోలు వస్తూ, లో అవుతున్నట్టు ముందుగా తెలియని పెద్దవాళ్లనే. రెండో ప్రశ్నకు ఇక్కడ కొత్త జవాబు లేదు.

ఆ జవాబు కోసం ఒక దారి, కణాలను పలుచని పొర ఉన్న డబ్బాలో పెట్టడం. చక్కెర, ఆక్సిజన్, ఇన్సులిన్ అటూ ఇటూ వెళ్తాయి, తెల్లకణాలు మాత్రం లోపలికి రాలేవు. వినడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదనిపిస్తుంది. కానీ శరీరం ఆ డబ్బా చుట్టూ మచ్చలాంటి పీచు కణజాలం కట్టేస్తుంది, లోపలి కణాలకు ఊపిరాడదు. వెర్టెక్స్ వాళ్లే వీఎక్స్-264 పేరుతో ఇది ప్రయత్నించి, సీ-పెప్టైడ్ కావలసినంత రావడం లేదని 2025 మార్చిలో ఆపేశారు.

ఇంకో దారి మీద నాకు ఎక్కువ ఆశ ఉంది. కణాన్నే తెల్లకణాల కంట పడకుండా మార్చడం. స్వీడన్‌లోని ఉప్సలాలో 2024 చివర్లో టైప్ 1 ఉన్న 42 ఏళ్ల మనిషికి ముంజేతి కండరంలో దాత ఐలెట్లు పెట్టారు. వాటిని ముందే సనా అనే కంపెనీ జన్యు సవరణ చేసింది. పరాయి కణమని చూపించే గుర్తులు తయారుకాకుండా రెండు జన్యువులను ఆపేశారు, తర్వాత "నన్ను తినొద్దు" అని సంకేతమిచ్చే సీడీ47 అనే ప్రొటీన్ ఎక్కువగా తయారయ్యేలా చేశారు. ఇమ్యూనిటీని అణిచే మందులు ఒక్కటి కూడా ఇవ్వలేదు. 2025 ఆగస్టులో వచ్చిన నివేదిక ప్రకారం పన్నెండు వారాల తర్వాత కూడా ఆ కణాలు బతికి ఉన్నాయి, భోజనం చేస్తే సీ-పెప్టైడ్ పెరుగుతోంది. సవరణ సరిగా జరగని కణాలను మాత్రం అతని శరీరం ఏరి చంపేసింది. పెట్టిన మోతాదు చాలా చిన్నది కాబట్టి ఆయన ఇన్సులిన్ వేసుకుంటూనే ఉన్నాడు. ఒక్క మనిషి, పన్నెండు వారాలు. అయినా టైప్ 1 ఉన్న ఒంట్లో పరాయి బీటా కణాలు మందులు లేకుండా నిలిచాయంటే, నాలాంటివాళ్లకు అది ఎడ్మంటన్ కంటే పెద్ద వార్త. ఇలాంటి సవరణను మూలకణాల్లో చేసి, పూర్తి మోతాదు తయారుచేసి, ఏళ్ల తరబడి క్యాన్సర్ రాదని చూడాలి. రక్షణ వ్యవస్థకు కనపడని కణం చెడిపోతే దాన్ని పట్టుకునేవాడు ఉండడు కదా, అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

చైనాలోని టియాంజిన్‌లో 25 ఏళ్ల అమ్మాయి సొంత కణాలనే మూలకణాలుగా మార్చి, ఐలెట్లు చేసి పొట్ట కండరం పొర కింద పెట్టిన సంగతి కూడా మీ కంట పడి ఉంటుంది. 75 రోజులకు ఆమె ఇన్సులిన్ మానేసింది. పెకింగ్ విశ్వవిద్యాలయంలోని డెంగ్ హాంగ్‌క్వీ బృందం చేసిన ఈ పని గొప్పదే. కానీ ఆ అమ్మాయికి అంతకుముందే కాలేయ మార్పిడి జరిగింది, ఇమ్యూనిటీని అణిచే మందులు అప్పటికే వాడుతోంది. సొంత కణాలైతే మందులు అక్కర్లేదని దాన్నిబట్టి చెప్పలేం. కవలల కథ గుర్తు చేసుకోండి.

ఇక ఆ క్లినిక్ దగ్గరికి వద్దాం. ఇలాంటిచోట్ల సాధారణంగా పొట్ట కొవ్వు నుంచో, ఎముక మజ్జ నుంచో, బొడ్డుతాడు నుంచో తీసిన మెసెంకైమల్ అనే ఒక రకం మూలకణాలు ఎక్కిస్తారు. అవి ఒంట్లోకి వెళ్లి బీటా కణాలుగా మారవు. మూలకణాన్ని బీటా కణం చేయడానికి ల్యాబ్‌లో వారాల తరబడి దశలవారీగా పనిచేయాల్సి వస్తున్నప్పుడు, సెలైన్‌లో వేసినంత మాత్రాన అవి దారి తెలుసుకుని క్లోమానికి వెళ్లి ఇన్సులిన్ చేస్తాయా? మన దేశంలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధ వ్యాధుల వంటి వాటికి చేసే మజ్జ మార్పిడిని మినహాయిస్తే, మూలకణాలను మనుషులకు ఇవ్వడం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నంబరు ఉంటుంది, ఆ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. వాళ్లను నంబరు అడగండి. నంబరు చెప్పకపోయినా, చెప్పి డబ్బు అడిగినా వెనక్కి వచ్చేయండి.

వాళ్లు చూపించే "తగ్గినవాళ్ల" రికార్డుల గురించి ఒక మాట. టైప్ 1 కొత్తగా బయటపడినప్పుడు కొన్ని బీటా కణాలు ఇంకా బతికే ఉంటాయి. ఇన్సులిన్ మొదలుపెట్టగానే వాటికి కాస్త విశ్రాంతి దొరికి కొన్ని నెలలపాటు మళ్లీ బాగా పనిచేస్తాయి. ఇన్సులిన్ అవసరం సగానికి, కొందరిలో దాదాపు సున్నాకు పడిపోతుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ పీరియడ్ అంటారు. సరిగ్గా ఆ సమయంలో ఎవరు ఏమిచ్చినా, స్టెమ్ సెల్స్ అయినా, కాకరకాయ పొడి అయినా, పేరు వాళ్లకే వస్తుంది. ఆ నెలలు గడిచాక షుగర్ మళ్లీ పెరుగుతుంది, అప్పటికి ఇన్సులిన్ మానేసి ఉంటే పిల్లవాడు కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవడం) ఐసీయూలో చేరతాడు. అది ప్రాణం మీదకు వస్తుంది. ఏ చికిత్స చేయించినా, చేయించకపోయినా, ఎవరు చెప్పినా బాబుకు ఇన్సులిన్ మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి.

బొడ్డుతాడు రక్తం విషయం. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో టైప్ 1 పిల్లలకు వాళ్లు పుట్టినప్పుడు దాచిన సొంత బొడ్డుతాడు రక్తమే ఎక్కించి చూశారు. వాళ్ల సొంత ఇన్సులిన్ తగ్గిపోవడం ఆగలేదు. పిల్లవాడి సొంతదే పనిచేయనప్పుడు తమ్ముడిదో చెల్లెలిదో ఈ జబ్బుకు పనిచేస్తుందని ఆశపెట్టుకోవద్దు. ఆ డబ్బుకు మంచి దారి ఒకటుంది, ఒంటికి అంటించుకుంటే ఎప్పటికప్పుడు షుగర్ చూపించే సీజీఎమ్ సెన్సార్. రాత్రి షుగర్ పడిపోతుంటే అలారం మోగుతుంది, మీరు తెల్లవార్లూ మేలుకుని వేలు గుచ్చి చూడాల్సిన టెన్షన్ తగ్గుతుంది. నెల నెలా కొనలేకపోతే కొన్నాళ్లు పెట్టి చూసినా, ఏ పూట షుగర్ ఎలా నడుస్తోందో తెలిసి డాక్టర్ మోతాదులు సరిచేయడానికి వీలవుతుంది.

మీరు ఎదురుచూడాల్సిన కాలం ఎంతో ఎవరూ తేదీ చెప్పలేరు. ఆ కాలాన్ని ఎలా గడపాలో మాత్రం చెప్పగలను. 1993లో డీసీసీటీ అనే పెద్ద పరిశోధన 1441 మందిని ఏళ్ల తరబడి గమనించి, షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్లలో కంటి జబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గిందని, కిడ్నీ, నరాల సమస్యలు కూడా బాగా తగ్గాయని చూపించింది. కణ మార్పిడికి దీనితో నేరుగా సంబంధం ఉంది. ఈ పరిశోధనల్లోకి తీసుకునేముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తారు, దెబ్బతిన్నవాళ్లను సాధారణంగా చేర్చుకోరు. బాబుకు పద్దెనిమిది వచ్చేనాటికి ఏ రకం కణాలు అందుబాటులోకి వచ్చినా, కళ్లూ కిడ్నీలూ బాగున్నవాడికే ముందు అవకాశం దొరుకుతుంది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, డాక్టర్ చెప్పిన వయసు నుంచి ఏటా మూత్రంలో ఆల్బుమిన్, కంటి రెటీనా పరీక్ష తప్పించకండి. లో షుగర్ వచ్చేముందు వాడికి తెలుస్తోందా, చేతులు వణకడం, చెమట పట్టడం చెప్పగలుగుతున్నాడా అని కూడా గమనిస్తూ ఉండండి. తెలియకుండానే పడిపోతుంటే వెంటనే డాక్టర్‌తో మాట్లాడి షుగర్ లక్ష్యం కొంచెం పైకి మార్పించుకోవాలి. కొన్ని వారాలు లో అవకుండా చూసుకుంటే ఆ గుర్తింపు చాలామందికి తిరిగి వస్తుంది.

ఆ క్లినిక్ వాళ్లు కాగితం ఏదైనా ఇచ్చి ఉంటే అందులో ఏ కణాలు, ఎక్కడి నుంచి తీసినవి, సీటీఆర్ఐ నంబరు ఉందా అన్నవి చూసి ఇక్కడే రాయండి, చదివి చెబుతాను. అడ్వాన్స్ కట్టమని ఫోన్ చేస్తే, బాబును చూసే పిల్లల ఎండోక్రైనాలజిస్ట్‌ను అడిగి చెబుతామని ఫోన్ పెట్టేయండి.